మా ఇంట్లో గడ్డలు బంద్

ముందే చెప్పేస్తాను, నేను బాగానే ఉన్నాను. జబ్బు కథలు చదివేటప్పుడు మనిషి బతికిందా లేదా అని చివరి పేజీ తిప్పి చూసే అలవాటు నాకే ఉంది కాబట్టి, మీకు ఆ శ్రమ లేకుండా చేస్తున్నాను. జుట్టు మళ్ళీ వచ్చింది. ఇదివరకు లేని ఉంగరాలు కూడా తిరిగింది. తల్లాడలో మా హైస్కూలుకు పోయి తెలుగు పాఠాలు చెప్పుకుంటున్నాను. "ఎట్లున్నవ్ సుగుణా" అని ఎవరైనా జాలిగా అడిగితే ఒళ్ళు మండేంత ఆరోగ్యం తిరిగి వచ్చింది.

ఇది రాయడానికి కారణం బీరకాయ. మొన్న మార్కెట్లో లేత బీరకాయల కుప్ప చూడగానే నేను రెండడుగులు వెనక్కి వేశాను. మా ఆయన నా మొహం చూసి, బీరకాయలు చూసి, నవ్వాపుకోలేకపోయాడు. నేనూ మొదలుపెట్టాను. కూరగాయలామె తన తక్కెడ మీద నవ్వుతున్నామనుకుని మొహం మాడ్చుకుంది. ఇప్పుడింత నవ్వొచ్చే సంగతి ఆ రోజుల్లో నా ప్రాణాల మీదికి తెచ్చిందని ఆమెకేం తెలుసు. ఎవరింట్లోనైనా ఇప్పుడు ఇదే నడుస్తూ ఉంటే వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

డిసెంబరు

చలికాలం పొద్దున స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చేతికేదో తగిలింది. కొన్నాళ్ళు అది లేదనుకున్నాను. నేను లేదనుకున్నా అది పోలేదు కాబట్టి ఖమ్మం దవాఖానాకు పోయాం. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరుగారు లోపలికి పిలిచారు. నేను, మా ఆయన వెంకన్న, మా అత్తమ్మ ముగ్గురం పోయి కూర్చున్నాం. అత్తమ్మ ఎందుకంటే, మా ఇంట్లో ఆమె లేకుండా ఏదీ మొదలుకాదు. మా ఆయన మోటార్ల రివైండింగ్ షాపు తెరిచిన రోజు మొదటి స్విచ్చి నొక్కింది కూడా ఆమే.

డాక్టరుగారు జబ్బు పేరు ఇంగ్లీషులో చెప్పి, మా మొహాలు చూసి, మెల్లగా తెలుగులోకి దిగారు. "గడ్డ ఉందమ్మా. మంచి గడ్డ కాదు. ఆపరేషన్ చేసి తీసేద్దాం. తర్వాత మందు ఎక్కిద్దాం. బాగైపోతుంది."

నాకు "మంచి గడ్డ కాదు" అన్నది మాత్రమే వినబడింది. మా ఆయన "బాగైపోతుంది" అన్నది పట్టుకుని బస్సులో దారి పొడవునా అదే జపం చేశాడు. అత్తమ్మకు "గడ్డ" ఒక్కటే వినబడిందని మాకు తర్వాత తెలిసింది.

జనవరి

ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన రోజు వంటింట్లోకి తొంగిచూస్తే ఉల్లిగడ్డల బుట్ట బోర్లించి ఉంది.

"ఉల్లిగడ్డలేవి అత్తమ్మా?"

"ఆ పేరెత్తకు బిడ్డా. ఇప్పుడే గద తీపిచ్చుకొని వచ్చినవ్. మల్ల లోపలికి గడ్డ పంపుతమా? గడ్డకు గడ్డ తోడైతది."

మా వైపు వంటలో గడ్డ కానిది ఏముందో చెప్పండి. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, చామగడ్డ, కందగడ్డ, మోరంగడ్డ. అన్నీ పక్కింటి వాళ్ళ పాలయ్యాయి. భూమిపైన కాసే గోబీని కూడా కొందరు గోబిగడ్డ అంటారు కాబట్టి అదీ పోయింది. నాకు ప్రాణమైన గడ్డపెరుగు మజ్జిగై, మజ్జిగ నీళ్ళై గ్లాసులోకి వచ్చింది. బెల్లం గడ్డను పొడి కొట్టి వాడొచ్చని మాత్రం పెద్ద మనసు చేసుకుని ఒప్పుకుంది. ఫ్రిజ్‌లో ఐసుగడ్డల ట్రే మాయమైంది.

నాకు జబ్బని తెలిసినప్పటినుంచి మా ఆయన గీసుకోవడం మానేశాడు. ఒకరోజు అత్తమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"ముందు ఆ గడ్డం తీసెయ్."

"ఇది గడ్డం అమ్మా, గడ్డ కాదు."

"ఏదైతేంది, పేరుల గడ్డ ఉన్నదా లేదా?"

"మరి బర్రెకు గడ్డి వెయ్యాల్నా, వద్దా?"

అత్తమ్మ నిజంగానే కాసేపు ఆలోచించింది. "బర్రెకు రోగం లేదు గద, వెయ్" అన్నది. మా ఆయన గీసుకుని వచ్చాడు. నేను బడిలో పిల్లలకు గుణింతాలు నేర్పిన మనిషిని. గడ్డ గుణింతం మొత్తం బహిష్కరించిన ఇల్లు మాత్రం మాదొక్కటే అయి ఉంటుంది.

ఫిబ్రవరి

మందు ఎక్కించడం మొదలైంది. అదే కీమో. దాని గురించి ఎక్కువ చెప్పను. నోట్లో పొద్దస్తమానం ఇనుప మేకు పెట్టుకున్నట్టుండేది. మంచినీళ్ళు కూడా తుప్పు వాసన వేసేవి. తర్వాత నోరంతా పూసింది. జుట్టు దువ్వెనతో వచ్చేసింది. అన్నం కంచం చూస్తే ఏడుపొచ్చేది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా చుట్టాలు చూడ్డానికి రావడం మొదలుపెట్టారు. వచ్చేటప్పుడు బత్తాయిలు, బ్రెడ్డు తెచ్చేవాళ్ళు. పోయేటప్పుడు నా కంచంలోంచి ఒకటి పట్టుకుపోయేవాళ్ళు. పప్పు తింటే కుట్లు చీము పడతాయని మా మేనత్త పప్పు పట్టుకుపోయింది. గుడ్డు వేడని ఒకరు, పాలు కఫమని ఇంకొకరు, వంకాయ దురదని మరొకరు. కోడికూర నీచు, మందు పారదని మా ఆయన స్నేహితుడు చెప్పాడు. అతను రివైండింగ్‌లో నిపుణుడు, కాదనను. రిటైరైన మా హెడ్మాస్టరుగారు వచ్చి "లంఖణం పరమౌషధం" అని కళ్ళు మూసుకుని చెప్పి, కళ్ళు తెరిచి, రెండోసారి ఉప్మా వేయించుకున్నారు.

చివరికి మిగిలింది బీరకాయ. అప్పుడప్పుడు సొరకాయ. ఎల్లిగడ్డ లేని కారప్పొడి.

చదువుకున్నదానివి, నీ బుద్ధేమైందని మీరడగొచ్చు. బుద్ధి ఉంది. దాని పక్కనే భయం కూర్చుని ఉంది. ఆలుగడ్డ తింటే ఏమీ కాదని తెలుసు. కానీ తిన్నాక ఏదైనా అయితే? ఆ "అయితే" ముందు నా డిగ్రీలు పనిచేయలేదు. పైగా నోటికేదీ రుచించని మనిషికి ఏది వద్దన్నా హాయిగానే ఉంటుంది. తినకపోవడానికి ఇంతమంది మద్దతు దొరికితే ఎవరు కాదంటారు.

మార్చి

కీమో గదిలో వరసగా కుర్చీలుంటాయి. నా పక్క కుర్చీలో ఖమ్మం పాతబజారు టైలరు కరీం చాచా కూర్చునేవారు. ఆయన డబ్బా మూత తీస్తే గదంతా ఘుమఘుమలాడేది. ఒకసారి ఖీమా, ఒకసారి పాయా.

"ఏం తెచ్చినవ్ బేటీ?"

"బీరకాయ, చాచా."

"పోయినసారి?"

"బీరకాయ."

"తోట కౌలుకు పట్టిన్రా ఏంది?" అని, ఉడకబెట్టిన గుడ్డొకటి నా చేతిలో పెట్టబోయారు. మధ్యలో అత్తమ్మ చెయ్యి వచ్చింది. చాచా ఆ గుడ్డు అత్తమ్మ చేతిలోనే పెట్టి, "నీకే తియ్ అమ్మా" అన్నారు. అత్తమ్మ దాన్ని కొంగున కట్టుకుని, బస్టాండులో ఒక బిచ్చగత్తెకు ఇచ్చింది.

ఆ రోజే డైటీషియన్ మేడం వచ్చింది. చిన్నపిల్ల, మా బడి నుంచి నిన్న మొన్న పోయినట్టుంది. పథ్యం ఏం చేస్తున్నారని అడిగింది. ఏమేం తింటున్నారని ఆ పిల్ల ఉద్దేశం. ఏమేం మానేశారని అత్తమ్మకు అర్థమైంది. దేవుడి నామాలు చదివినట్టు గుక్కతిప్పుకోకుండా అన్నీ చదివింది. ఆ పిల్ల పెన్ను పక్కన పెట్టేసింది.

"అమ్మా, అవన్నీ పెట్టాలి. పప్పు, గుడ్డు, పెరుగు, చేపలు, కోడికూర, ఆలుగడ్డ. మందు ఒళ్ళు అలిసిపోయేటట్టు చేస్తది. తిండి లేకపోతే ఆ ఒళ్ళు మందుకు తట్టుకోలేదు. ఒకేసారి తినలేకపోతే చంటిపిల్లకు పెట్టినట్టు కొంచెం కొంచెం, మాటిమాటికి పెట్టండి. నోరు పూసినప్పుడు చల్లటి పెరుగన్నం పెట్టండి. ఏదైనా బాగా ఉడకబెట్టి పెట్టండి, అంతే."

అత్తమ్మ బుద్ధిగా తలూపింది. బయటికొచ్చాక, "పాపం, పెండ్లి గూడ కాలేదు, దానికేం తెలుసు" అన్నది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అంటారు. మా ఇంట్లో రోగి, వైద్యుడు ఒక పక్కనున్నా గెలిచింది మా అత్తమ్మే.

ఏప్రిల్

ఎండలు ముదిరాయి. తర్వాతి కీమోకు పోయి బరువు చూసే మిషను ఎక్కాను. నర్సు నన్ను దిగమని, మళ్ళీ ఎక్కమన్నది. మళ్ళీ దిగమన్నది. మిషను బాగానే ఉంది, తగ్గింది నేనే.

డాక్టరుగారు ఈసారి తెలుగులోనే మొదలుపెట్టారు. "ఈ బరువుతో, ఈ రక్తంతో నేను మందు ఎక్కించలేను. వారం ఆగి రండి. అప్పటికీ ఇట్లాగే ఉంటే మధ్యలో ఆపాల్సి వస్తది. మధ్యలో ఆపితే ఇప్పటిదాకా పడ్డ కష్టానికి అర్థం ఉండదు."

డైటీషియన్ పిల్ల మమ్మల్ని బయట పట్టుకుంది. నన్ను చూసి, అత్తమ్మను చూసి, "మీరూ ఒకసారి మిషను ఎక్కండమ్మా" అన్నది. అత్తమ్మ నడుముకున్న తాళంచెవులతో సహా ఎక్కింది. ఆ పిల్ల నిట్టూర్చి, "మీరేం తింటున్నారు?" అని అడిగింది. "కోడలికేం వండితే నాకూ గదే" అన్నది అత్తమ్మ. అప్పుడు చూశాను ఆమెను. రవిక భుజాల మీదినుంచి జారిపోతోంది. నా జబ్బు నాకే ఉందనుకుంటున్నాను ఇన్నాళ్ళూ.

ఇంటికొచ్చాక కంచంలో బీరకాయ కూర వచ్చింది. నేను కంచం తోసేశాను.

"గడ్డతోటి సచ్చుడు కాదు అత్తమ్మా, బీరకాయతోటి సచ్చేటట్టున్న. వారం అయితే మందు ఆపేస్తరట. విన్నవా, లేదా?"

పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళలో ఆమె మీద గొంతు లేపింది అదే మొదలు. ఆమె తిరిగి అరుస్తుందని మా ఆయన తలుపు దగ్గరికి జరిగాడు. ఆమె అరవలేదు. గోడకానుకుని కూర్చున్నది.

"మొక్కుకున్న బిడ్డా. నువ్వు బాగయ్యేదాక మనింట్ల గడ్డ ముట్టమని భద్రాచలం రాములోరికి మొక్కుకున్న."

"నన్నడగకుండనా?"

"దేవునికి మొక్కేది దేవునికి చెప్తరు గని నీకు చెప్తరా?" అన్నది. తర్వాత మెల్లగా చెప్పింది. "మా అమ్మకు కడుపుల గడ్డ ఉండె. ఆ యేడు మా చర్ల దిక్కు వానల్లేవు. పోడు చేన్ల గింజ పండలే. అడవిల తవ్వుకొచ్చిన గడ్డలే తిన్నది. తిన్నకొద్దీ కడుపు పెరిగింది. నేను చూసిన గద. నువ్వు చూడలే."

తోసేసిన కంచం తీసి మూత పెట్టాను. కోపం మాత్రం ఇంకా ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ముగ్గురం ఏమీ తినకుండానే లేచాం.

మా ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ పల్చన. పక్కింటి రమాదేవి తాతల కాలంలో వాళ్ళు కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నారు. పుట్టింది ఇక్కడే అయినా ఆమె మాట ఇంకా ఆ వైపే నడుస్తుంది. మరునాడు పొద్దున్నే స్టీలు డబ్బా పట్టుకుని వచ్చింది. అత్తమ్మ గుమ్మంలోనే ఆపింది.

"ఏందమ్మా అది?"

"బంగాళదుంప వేపుడు, పిన్నిగారూ."

అత్తమ్మ మూత తీసి చూసింది. ఎర్రగా వేగిన ఆలుగడ్డ ముక్కలు, కరివేపాకు. చాలాసేపు చూసింది.

"ఏందంటివి దీన్ని?"

"బంగాళదుంపండి. మా ఇంట్లో ముందునుంచీ దుంపే అంటాం. గడ్డంటే మాకు ఒంటిమీద లేచేదే."

"ఇందుల ఉల్లిగడ్డ వేసినవ్ గద?"

"ఉల్లిపాయండి. నాలుగు వెల్లుల్లి రెబ్బలు కూడా వేశాను."

అత్తమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు తెలుగు పంతులమ్మవు గద. చెప్పు. గడ్డ, దుంప ఒక్కటేనా, యేరేనా?"

నా ఉద్యోగంలో ఇంత కష్టమైన ప్రశ్న ఎవరూ వేయలేదు. అత్తమ్మ వెనకాల మా ఆయన కళ్ళతో బతిమాలుతున్నాడు. తెలుగు భాష నన్ను క్షమించుగాక. "ఒక్కటే అయితే రెండు పేర్లెందుకుంటయ్ అత్తమ్మా? వేరే" అన్నాను.

"గట్లయితే లోపలికి తే. గడ్డ ముట్టనని మొక్కిన గని, దుంప సంగతి రాములోరి దగ్గర ఎత్తలే."

ఆమె నమ్మిందని మీరనుకుంటే మా అత్తమ్మ మీకు అర్థం కాలేదన్నమాట. తీగను చూసి భూమిలో గడ్డ ఎంత లోతున ఉందో చెప్పగలిగిన మనిషి ఆమె. ఆలుగడ్డకు పేరు మారిస్తే గుర్తుపట్టదా? దేవుడికిచ్చిన మాట తప్పకుండా, కోడలిని చావనీయకుండా నడవడానికి ఆమెకో సందు కావాలి. రమాదేవి ఆ సందు డబ్బాలో పెట్టి తెచ్చింది. అత్తమ్మ నాకు వడ్డించింది. తను మాత్రం ముట్టలేదు, కారప్పొడి కలుపుకుని తిన్నది.

ఇక ఆ వారం మా ఇంట్లో జరిగింది వంట కాదు, యుద్ధం. గడ్డలు మొక్కు వల్ల పోయాయి కానీ పప్పూ గుడ్డూ చుట్టాల వల్ల పోయినవే కదా. వాటిని అత్తమ్మ ఒక్క మాటతో రద్దు చేసింది. "వాళ్ళ మాటలు వాళ్ళింట్ల." పొద్దున గుడ్డు, కాసేపటికి పప్పుకట్టు, మధ్యాహ్నం చేపల పులుసు, సాయంత్రం నాటుకోడి రసం. ఒక ముద్ద తింటే రెండు ముద్దలు బయటికొచ్చిన రోజూ ఉంది. అత్తమ్మ కడిగి, తుడిచి, కాసేపాగి మళ్ళీ గిన్నె పట్టుకుని వచ్చేది. పెరుగు దగ్గర చిన్న చిక్కొచ్చింది. గడ్డపెరుగు అనకూడదు కాబట్టి మీగడపెరుగు అందామన్నాను. అత్తమ్మ అనుమానంగా చూసింది. "అందుల ద్విత్వం లేదు అత్తమ్మా, ఒత్తు లేని డ" అని వ్యాకరణం చెప్పాను. ఒప్పుకుంది.

హెడ్మాస్టరుగారు మళ్ళీ వచ్చారు. నా చేతిలో గుడ్డు చూసి, "లంఖణం..." అని అందుకున్నారు. "అవ్ సారూ, మంచిమాట. మీకు గూడ మంచిదే" అని అత్తమ్మ పొయ్యి మీది ఉప్మా గిన్నె మీద మూత పెట్టేసింది. ఆయన మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

వారం తర్వాత

ఖమ్మం బస్సులో అత్తమ్మ డబ్బా సంచిని ఒళ్ళోంచి దించలేదు. దవాఖానాలో వరుసలో కూర్చున్నప్పుడు నా చెయ్యి పట్టుకుంది. నాకు భయమేసింది. జనవరిలో ఆపరేషన్ బల్ల మీద కూడా అంత భయం వేయలేదు.

మిషను ఎక్కాను. నర్సు ఈసారి దిగి మళ్ళీ ఎక్కమనలేదు. పెరిగింది కొంచెమే. పెద్ద చేపల పులుసు గిన్నెంత కూడా ఉండదు. రక్తం కాగితం కూడా చూసి డాక్టరుగారు, "సరే, ఎక్కిద్దాం" అన్నారు. ఒంట్లోకి విషంలాంటి మందు ఎక్కిస్తామంటే సంతోషంతో ఏడ్చిన మనిషిని నేను. కరీం చాచా పక్క కుర్చీలోంచి, "ఏం తెచ్చినవ్ బేటీ?" అని అడిగారు. "దుంపలు, చాచా" అన్నాను. ఆయనకేమీ అర్థం కాకపోయినా మెచ్చుకున్నారు.

మందు చుక్కలు చుక్కలుగా దిగుతుంటే డైటీషియన్ పిల్ల వచ్చింది. నా కాగితం చూసి, అత్తమ్మ భుజం తట్టి, పోబోయింది. అత్తమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది.

"బిడ్డా, ఒకటి అడుగుత. నిజం చెప్పాలె. మా అమ్మకు కడుపుల గడ్డ ఉండె. అడవిగడ్డలు పెట్టింది నేనే. చిన్నపిల్లను, నాకేం తెల్వదు. నేనే పోయి తవ్వుకొచ్చి, ఉడకబెట్టి, తిననంటే బతిమిలాడి తినిపిచ్చిన. అందుకేనా పెరిగింది?"

"చూసిన" అని చెప్పింది ఆ రోజు. "పెట్టిన" అని చెప్పలేదు. నా పెళ్ళినాటి నుంచీ ఆమె చేతి వంట తింటున్నాను, ఆ చేతుల మీద ఆమెకింత అనుమానం ఉందని నాకు తెలియదు.

ఆ పిల్ల వచ్చి అత్తమ్మ పక్కన కూర్చున్నది. "కాదమ్మా. తిండితో గడ్డ పెరగలేదు. అది జబ్బు, దాని దారిలో అది పెరిగింది. ఏమీ దొరకని కాలంలో మీరు ఆమెకు అన్నం పెట్టారు. మీరు పెట్టబట్టే ఇంకొన్నాళ్ళు మీతో ఉంది."

అత్తమ్మ ఆ పిల్ల మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. అబద్ధమా, నిజమా అని వెతుకుతున్నట్టుంది. తర్వాత చెయ్యి వదిలేసింది. కొంగుతో మొహం తుడుచుకుని, కిటికీలోంచి రోడ్డు మీద బండ్లను చాలాసేపు చూసింది. నా చేతికి సూది ఉంది, లేకపోయినా ఏం చేసేదాన్నో తెలియదు.

మధ్యాహ్నం అయింది. అత్తమ్మ సంచిలోంచి డబ్బా తీసి మూత తెరిచింది. నాకు తినిపిస్తుందని నోరు తెరిచాను.

"జర ఆగు" అన్నది. "ఆకలైతుంది. ఈ ఆలుగడ్డ కూర ముందు నేను తింట."

దుంప అనలేదు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ముక్క తర్వాత ముక్క, నెమ్మదిగా తిన్నది. నా వాటాకు పెద్దగా ఏమీ మిగల్లేదు.